మూడో గదిలో ఊపిరమ్మ

పొద్దువాలాక ఆ మూడో గది ముందునుంచి నడిచేవాళ్ళెవరూ ఊపిరి పీల్చేవాళ్ళు కాదు.

నవ్వులాటకి చెప్పడం లేదు. ఊరి చివర పళ్ళ కోల్డ్ స్టోరేజీ. అందులో పొడుగాటి నడవ, నడవకి ఒకవైపున వరసగా ఇనప తలుపుల గదులు. మొదటి గది, రెండో గది దాటేదాకా మనుషులు మామూలుగా మాట్లాడుకుంటూ వచ్చేవాళ్ళు. మూడో గది తలుపంచు కనబడగానే మాట టక్కున ఆగిపోయేది. బుగ్గలు ఉబ్బించి, మూతి బిగించి, గబగబా ఆ తలుపు దాటి... నాలుగో గది దగ్గర హమ్మయ్య అని వదిలేవాళ్ళు.

ఎందుకంటే ఆ గదిలో ఊపిరమ్మ ఉంది.

ఆవిడకి రూపం లేదు. జుట్టు విరబోసుకోదు, తెల్లబట్టలు కట్టదు, పాదాలు వెనక్కి తిరిగి ఉండవు. ఒట్టి ఊపిరి. రాత్రిళ్ళు గది లోపలినుంచి సన్నగా ఈల వేస్తుంది — సుయ్‌... సుయ్‌... మని. తలుపు పైభాగాన ఉన్న చిన్న కిటికీ తెరిచి అగ్గిపుల్ల చూపిస్తే, ఎవరో పెదాలు దగ్గరగా పెట్టి ఊదినట్టు ఆర్పేస్తుంది. లోపల పెట్టెల నిండా ఆపిల్ పళ్ళు. నెలల తరబడి ఉన్నా ఒక్కటి కుళ్ళదు, ఒక్కటి ముడతపడదు. ఎప్పటి కోతల్లోనో కోసిన పండు మొన్న కోసినట్టు బుగ్గలు మెరిపిస్తూ కూర్చుంటుంది. మనుషుల దగ్గర లాక్కున్న ఊపిరంతా ఆవిడ ఆ పళ్ళకి పోస్తుందని, అందుకే వాటికి ముసలితనం రాదని చెప్పుకునేవాళ్ళు.

ఇంకో మాట కూడా చెప్పుకునేవాళ్ళు. అది మాత్రం మొదట్లో లేదు. తర్వాత ఎవరో తెచ్చి అంటించారు.

ఊపిరమ్మ దొంగల్నే పట్టుకుంటుందట.

ఈ కథ మా చిన్నత్తది. మా నాన్నకి స్వయానా అక్క. ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా గొంతు ఒక్కసారి కూడా పెంచలేదు. కానీ ఈ ‘దొంగల్నే’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చేతిలో ఏ పని ఉంటే ఆ పని ఆగిపోయేది. బఠాణీలు ఒలుస్తుంటే ఒక కాయ వేళ్ళమధ్య చితికిపోయేది. మేం చూడనట్టు ఊరుకునేవాళ్ళం.

చిన్నత్త ఆ స్టోరేజీలోనే పళ్ళ బల్ల దగ్గర పనిచేసేది. పళ్ళు బెల్టు మీద దొర్లుకుంటూ వస్తుంటే, రెండువైపులా నిలబడ్డ ఆడవాళ్ళు దెబ్బతిన్నవాటిని ఏరి పక్కన పడెయ్యాలి. మామయ్య అక్కడే పెట్టెలెత్తే బండి తోలేవాడు. ముందు రెండు ఇనప కొమ్ములు పొడుచుకొచ్చి ఉంటాయని అందరూ దాన్ని కొమ్ముల బండి అనేవాళ్ళు. ఆ బండి మీద కూర్చుంటే మామయ్యకి పెళ్ళికొడుకు కళ వచ్చేదని చిన్నత్త ఇప్పటికీ అంటుంది. పెళ్ళిరోజున మాత్రం ఆ కళ లేదట.

మామయ్యకి తరచుగా రాత్రి పని పడేది. కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో వాళ్ళ ఇల్లు వీధి కొసన, పక్కన ఖాళీ స్థలం. చీకటిపడ్డాక తలుపు చప్పుడైతే చిన్నత్తకి గుండెలు జారిపోయేవి. అందుకని మామయ్య ఒక పద్ధతి పెట్టాడు. రెండు కొట్టి, కాస్త ఆగి, ఇంకొకటి.

టక్ టక్... టక్.

“అలా కొడితే నేను. ఇంకెలా కొట్టినా తియ్యకు,” అన్నాడట.

“దెయ్యమై వచ్చి అలా కొడితేనో?” అందిట చిన్నత్త.

“అప్పుడూ తియ్యి. దెయ్యానికి మాత్రం ఆకలెయ్యదా?”

ఇంటికి వచ్చిపోయే చుట్టాలందరికీ ఆ చప్పుడు అలవాటైపోయింది. మా నాన్న పెళ్ళికి ముందు వాళ్ళింట్లోనే ఉండేవాడు కాబట్టి ఆయనకి మరీను. నిద్రలో ఉన్నా ఆ చప్పుడు వింటే లేచి గడియ తీసేవాడట.

ఇక ఆ స్టోరేజీలో మునక అని ఒకటి ఉండేది. అది చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు.

పళ్ళు కొనడానికి వచ్చే వ్యాపారులు ముందు పండు చూపించమంటారు. చూపించాలంటే మూడో గది పెద్ద తలుపు బార్లా తెరవాలి. తెరిచి, ఒక రోజంతా అలా వదిలెయ్యాలి. మళ్ళీ మూశాక వెనకగదిలో ఉన్న మర రోజుల తరబడి తిరిగితేగానీ ఆ గది మొదటి స్థితికి రాదు. ఆ మర ఏం చేస్తుందో పనివాళ్ళెవరికీ చెప్పలేదు. దాని చుట్టూ జాలీ కట్టి తాళం వేశారు. పెద్ద తలుపు తెరిస్తే పళ్ళు పాడైపోతాయి, తెరవకూడదు — అంతవరకే చెప్పారు.

అందుకని దొడ్డిదారి. తలుపుకి నిచ్చెన వేసి, పైనున్న చిన్న కిటికీ తెరిచి, గుండెనిండా ఊపిరి బిగపట్టి, మనిషి లోపలికి దూరాలి. పై వరస పెట్టెల మీదికి దిగి, పై పెట్టెలో ఒక పండు, కింది పెట్టెలో ఒక పండు అందుకుని, ఊపిరి వదలకుండా బయటపడాలి. అదీ మునక. నీళ్ళు లేని మునక.

“ఊపిరి పీలిస్తేనే ఆవిడకి వినబడుతుంది. పీల్చకపోతే నువ్వున్నట్టే తెలీదు,” అని పాతవాళ్ళు కొత్తవాళ్ళకి నేర్పేవాళ్ళు. పీల్చకుండా వచ్చినవాళ్ళు నిజంగానే బతికి బయటికి వచ్చేవాళ్ళు. దాంతో ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది.

మామయ్యది అందరికంటే పొడుగు ఊపిరి. చిన్నప్పుడు ఏట్లో ఈ గట్టున మునిగితే ఆ గట్టున తేలేవాడు. కాబట్టి మునక అనగానే మేనేజరు కళ్ళు ఆయన్నే వెతికేవి.

ఆ మేనేజరుకి మాట ముందు దగ్గు వచ్చేది. జలుబు దగ్గు కాదు. అబద్ధానికి దారి ఇచ్చే దగ్గు. చిన్న అబద్ధానికి చిన్న దగ్గు, పెద్దదానికి రెండు. పళ్ళ బల్ల దగ్గర ఆడవాళ్ళు ఆయనకి దగ్గుసారు అని పేరు పెట్టి, ఆయన అటువైపు వస్తే నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుని నవ్వేవాళ్ళు.

ఒక రాత్రి మామయ్య ఇంటికి రాలేదు.

తెల్లారాక మూడో గది పెద్ద తలుపు తీశారు. పై వరస పెట్టెల మీద, సరిగ్గా ఆ చిన్న కిటికీ కింద, మామయ్య ముడుచుకుని పడి ఉన్నాడు. చొక్కా జేబుల్లో రెండు ఆపిల్ పళ్ళు. కిటికీకి బయటినుంచి గడియ పడి ఉంది.

బయటినుంచి.

ఊపిరమ్మే వేసిందన్నారు. లోపలున్నది బయట గడియ ఎలా వేస్తుందని అడిగినవాళ్ళు లేరు. దెయ్యం విషయంలో అలాంటివి అడగరు కదా.

దగ్గుసారు అందరి ముందూ రెండుసార్లు దగ్గాడు. “పాపం, మంచివాడే. ఏదో బుద్ధి పుట్టి పళ్ళకోసం దూరాడు. గుండె ఆగిపోయింది,” అన్నాడు.

ఆ రోజునుంచే ఊపిరమ్మ దొంగల్ని పట్టుకోవడం మొదలుపెట్టింది.

చిన్నత్త అందరినీ అడిగింది. దొంగ అయితే సంచి పట్టుకుని వెళ్ళడా, రెండు పళ్ళకి ఎవడు ప్రాణాలమీదికి తెచ్చుకుంటాడు, పైనుంచి ఒకటి కిందనుంచి ఒకటి — అది మునక లెక్క కాదా అని. నిన్నటిదాకా మునకలు వేసి గొప్పలు చెప్పుకున్న మగవాళ్ళు నేల చూపులు చూశారు. పని పోతుందని భయం. దగ్గుసారైతే ఆశ్చర్యపోయి, “మునకా? అదేంటమ్మా? అలాంటిదేమీ ఇక్కడ లేదే,” అన్నాడు.

ఆవిడ పని మానలేదు. ఎందుకు మానలేదత్తా అని అడిగితే, “మానేస్తే నిజమే అనుకుంటారు,” అనేది.

ఇంటికి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర అందరి సంచులూ ఒకసారి చూసి వదిలేవాళ్ళు. ఆవిడ సంచి మాత్రం బోర్లించి దులిపేవాళ్ళు. అన్నం డబ్బా మూత తీసి వాసన చూసేవాళ్ళు. దొంగ పెళ్ళాం కదా. చుట్టూ పదిమంది నిలబడి చూస్తుంటే ఆవిడ డబ్బా మూత పెట్టుకుని, సంచి సర్దుకుని, ఒక్క మాట అనకుండా వచ్చేసేది. రోజూ. రోజూ అదే.

ఇంటికొచ్చి దేవుడి ముందు నిలబడితే, మొక్కాల్సిన చేతులు పిడికిళ్ళు పడేవట. విప్పుదామన్నా విడేవి కావట. “ఇవాళ్టికి ఇంతే స్వామీ, ఏమనుకోకు,” అని చెప్పి అవతలికి వచ్చేసేదట.

రెండేళ్ళు అలా గడిచాయి.

ఒక రాత్రి ఆవిడ పక్క వేసుకుంటుండగా తలుపు చప్పుడైంది. గుర్తున్న చప్పుడు కాదు. గాభరాగా కొట్టింది. తీస్తే వాకిట్లో మరదలు — మా అమ్మ. నేనప్పుడు ఆవిడ కడుపులో ఉన్నాను. అంత బరువు మోసుకుంటూ చీకట్లో నడిచొచ్చి, గుమ్మం పట్టుకుని రొప్పుతోంది.

“వదినా... నీకు చెప్పొద్దన్నారు.”

“ఏంటి?”

“పొద్దున్నే ఎవరో వ్యాపారి వస్తున్నాడట. ఆయన్ని ఉండమన్నారు. మునకకి.”

మా నాన్న అప్పటికి అక్కడే పెట్టెలు మోస్తున్నాడు. ఈ ఒక్క మునక వేస్తే బావ కూర్చున్న కొమ్ముల బండి నీకే ఇస్తానన్నాడట దగ్గుసారు. ఆ బండి మీద ఇంకెవడో కూర్చోవడం చూడలేక మా నాన్న ఒప్పుకున్నాడు. అక్కకి చెప్తే పంపదని, పెళ్ళానికి మాత్రం చెప్పి వెళ్ళాడు.

చిన్నత్త మరదల్ని లోపల కూర్చోబెట్టింది. మంచినీళ్ళు చేతికిచ్చింది. బయట తాళం వెయ్యబోయి, లోపల మనిషి ఉందని గుర్తొచ్చి ఆగింది. తాళంచెవి మాత్రం పిడికిట్లోనే ఉండిపోయింది.

చెప్పులు వేసుకోవడం మర్చిపోయింది. అది స్టోరేజీ గేటు దగ్గర కంకరరాళ్ళు గుచ్చుకున్నాక తెలిసింది.

గేటు దగ్గర కంబళి తాత. రాత్రి కాపలా. ఆ చలి గదుల మధ్య తిరిగి తిరిగి ఆయనకి ఎండాకాలం కూడా కంబళి వదలడం అలవాటు తప్పింది. చేతికర్ర, కంబళి, రెండు కళ్ళు — మనిషంటే అంతే కనబడేవాడు.

“ఈ వేళప్పుడా అమ్మాయ్... వద్దు. ఇవాళ ఈల ఎక్కువగా ఉంది.”

“గేటు తియ్యి తాతా.”

“నా మాట విను—”

“తియ్యి.”

ఆ ఒక్క మాటలో ఏం వినబడిందో, ఆయన తీసేశాడు. ఆడమనిషిని ఒంటరిగా పంపలేక నాలుగడుగులు వెనక తనూ నడిచాడు. కర్ర చప్పుడు కాకుండా, ఎత్తి పట్టుకుని.

నడవలో ఒకే ఒక దీపం. నేల తడి. ఒట్టి కాళ్ళకి ఆ చల్లదనం సూదుల్లా ఎక్కుతోంది. మొదటి గది దాటింది. రెండో గది... వెనక తాత గభాల్న ఊపిరి బిగపట్టిన చప్పుడు వినబడింది.

సుయ్‌... సుయ్‌...

మూడో గదికి నిచ్చెన వేసి ఉంది.

కింద దగ్గుసారు, ఇటు వీపు పెట్టి, టార్చి పైకి చూపిస్తున్నాడు. నిచ్చెన చివర తమ్ముడు. కిటికీ తెరిచే ఉంది. వాడి బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. ఛాతీ పొంగి ఉంది. అప్పటికే ఊపిరి బిగపట్టేశాడు. ఆమె చూస్తుండగానే వాడి తల ఆ నల్లటి కంతలోకి వెళ్ళింది. తర్వాత ఒక భుజం...

ఒరేయ్ — అని అరుపు ఆవిడ గొంతుదాకా వచ్చింది.

ఆగిపోయింది.

అరిస్తే ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడితే ఊపిరి పీలుస్తాడు. తల ఆ గదిలో ఉండగా పీలిస్తే...

కాలు పట్టుకు లాగితే? చీకట్లో కాలు పట్టుకున్నది ఎవరనుకుంటాడు వాడు? కెవ్వుమంటాడు. అదీ ఊపిరే.

రెండేళ్ళుగా అరవాలనుకుంటున్న మనిషి. మామయ్యని పంపినవాడు చెయ్యి చాపితే అందేంత దూరంలో వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. తమ్ముడు భుజాలదాకా వెళ్ళిపోయాడు. ఒక్క అరుపు... అదే అరవకూడదు.

పిడికిట్లో తాళంచెవి కోసుకుపోతోంది.

ఆవిడ నిచ్చెన దగ్గరికి వెళ్ళి, దాని ఇనప కాలి మీద తాళంచెవితో కొట్టింది.

టక్ టక్... టక్.

పైన వాడి కాళ్ళు కదలకుండా ఆగిపోయాయి.

ఆ చప్పుడుకి వాడు కొన్నేళ్ళపాటు నిద్రలోంచి లేచి గడియ తీసినవాడు. ఆ చప్పుడు అయిందంటే ఎక్కడున్నా, ఏం చేస్తున్నా, వెనక్కి తిరగాలి. ఒక్క క్షణం... భుజం బయటికి వచ్చింది. తర్వాత తల. నిచ్చెన మీద వెనక్కి వాలి, మొహం ఇటు తిప్పి, అప్పుడు — హా అని ఊపిరి వదిలాడు.

వాడి మొహంలో నెత్తురు లేదు.

“బావా...?” అన్నాడు.

వెనక టపీమని ఏదో పడింది. తాత చేతికర్ర. ఆయన కంబళి జారిపోయి, నోరు తెరుచుకుని, గోడకి అతుక్కుపోయి నిలబడి ఉన్నాడు. ఆవిడ అప్పుడు పట్టించుకోలేదు. దగ్గుసారు చేతిలో టార్చి వెలుగు గోడల మీద గంతులేస్తోంది.

“ఎ... ఎవరది?”

“దిగరా,” అంది చిన్నత్త.

“అక్కా, ఒక్క ఊపిరి పనే కదా—”

“దిగు.”

దిగాడు. పెళ్ళయి, తండ్రి కాబోతున్నవాణ్ణి, చిన్నపిల్లాణ్ణి లాగినట్టు చొక్కా పట్టుకుని తన వెనక్కి లాక్కుంది.

దగ్గుసారు తేరుకున్నాడు. దగ్గాడు. ఈ వేళప్పుడు లోపలికి ఎలా వచ్చావని, ఎవరు రానిచ్చారని, ఏదో గడియ సరిచూడమని కుర్రాణ్ణి ఎక్కిస్తే ఇంత రాద్ధాంతమేంటని చెప్పుకుపోతున్నాడు. ఆవిడ మొత్తం విన్నది. ఆయన మాటలు వాటంతట అవే అయిపోయేదాకా.

తర్వాత నిచ్చెన చూపించింది.

“మీరెక్కండి.”

“ఎవరు... నేనా? నేనెందుకమ్మా?”

“ఊపిరమ్మ దొంగల్నే పట్టుకుంటుందన్నారు కదా సార్. మీరు దొంగ కాదు. ఎక్కండి.” గొంతు ఏమాత్రం పెరగలేదు. “ఊపిరి కూడా బిగపట్టక్కర్లేదు. తీరిగ్గా పీల్చుకుంటూ, నచ్చిన పళ్ళు రెండు ఏరుకుని రండి. టార్చి నేను పట్టుకుంటాను.”

ఆయన నవ్వబోయాడు. మెడ నొప్పి అన్నాడు. నిచ్చెన తనకి పడదన్నాడు. తమ్ముడు ముందుకొచ్చి, ఆయన మోచెయ్యి పట్టుకుని, నిచ్చెన దాకా నడిపించాడు. బరువులు మోసే చెయ్యి అది. ఆయన అరచెయ్యి మొదటి మెట్టుకి ఆనింది. పైన తెరిచి ఉన్న కంతలోంచి ఈల...

“వదులు... వదలరా! లోపల గాలి లేదు!”

“ఏం లేదు?” అంది చిన్నత్త.

ఇక ఆయనకి దగ్గు అడ్డం రాలేదు. గింజుకుంటూ అంతా కక్కేశాడు. వెనకగదిలో మర ఉంది కదా, అది ఈ ఒక్క గదిలో నైట్రోజన్ నింపుతుంది. ఊపిరికి పనికొచ్చే గాలిని తరిమేసి, ఈ గాలి నింపుతుంది. దాంతో పళ్ళు నిద్రపోయినట్టు అలాగే ఉండిపోతాయి. విషం కాదు, వాసన ఉండదు, రంగు ఉండదు. చిప్స్ ప్యాకెట్లు ఉబ్బుగా ఉంటాయి కదా, వాటిల్లో నింపేదీ ఇదే. కానీ మనిషి ఆ గదిలో ఒకటి రెండు సార్లు పీల్చాడంటే, ఏం జరిగిందో తెలిసేలోపే పడిపోతాడు. ఎవరైనా సరే. అగ్గిపుల్ల కూడా అందుకే ఆరిపోయేది. ఈల ఆ గాలి వచ్చే గొట్టానిది.

దొంగ అని, దొర అని చూసే తెలివి ఆ గాలికి లేదు. పాపం దానికేం తెలుసు. పళ్ళని జోకొట్టమంటే జోకొడుతోంది.

“మీకెప్పట్నుంచి తెలుసు?”

“మర బిగించినవాళ్ళు చెప్పారు. ప్రమాదం అని బోర్డు కూడా ఇచ్చారు.”

“ఏదీ బోర్డు?”

“...సామాన్లగదిలో. పెడితే జనం భయపడతారని...”

“దెయ్యానికి భయపడితే ఫరవాలేదా?”

బోర్డు పెడితే మునక ఎలా వెయ్యమంటాడు? దెయ్యమైతే ఏ గొడవా లేదు. దెయ్యం మనిషిని చంపితే ఎవరూ మేనేజరుని అడగరు.

“మా ఆయన్ని ఆ రాత్రి లోపలికి పంపింది ఎవరు?”

“నేనే.”

“దొంగతనానికి వెళ్ళాడా?”

“లేదు.”

రెండేళ్ళుగా ఎదురుచూసిన మాట. అది వినగానే గుండె మీదినుంచి బరువు దిగుతుందనుకుందట చిన్నత్త. ఏమీ దిగలేదట. బరువు అక్కడే ఉంది. కాళ్ళు మాత్రం చల్లగా కొయ్యబారిపోయాయి.

అప్పుడు వెనకనుంచి కంబళి తాత గొంతు వినబడింది. బావిలోంచి వచ్చినట్టు.

“అయితే... దెయ్యం లేదా?”

“లేదు తాతా.”

“ఊపిరమ్మ... అసలు లేనే లేదా?”

“లేదు. విన్నావు కదా.”

ఆయన గోడ పట్టుకుని, మెల్లగా ముందుకి వచ్చాడు. కింద పడ్డ కర్ర తీసుకున్నాడు.

“మరయితే, ఆ రాత్రి... లోపల్నుంచి తలుపు కొట్టింది ఎవరు?”

తాత కర్రతో గేటు వైపు చూపించాడు.

“పెద్దాయన, అదే ఈ స్టోరేజీ యజమాని, ఆయన కారు వచ్చింది ఆ రాత్రి. చెప్పకుండా వచ్చింది. సారు పరుగున వచ్చి ఎదురెళ్ళాడు. నేను గేటు మూసి, ఇటు వచ్చాను. నిచ్చెన తీసి గోడ పక్కన పడేసి ఉంది. పైన గడియ వేసి ఉంది. కిటికీ తెరిచి ఉంటే పెద్దాయన ఊరుకోడు కదా... సారు మూసేసినట్టున్నాడు. నేను ఇదిగో, ఇక్కడే నిలబడ్డాను. అప్పుడు లోపల్నుంచి...”

తాత కర్ర ఎత్తి, ఆ ఇనప తలుపు మీద కొట్టాడు.

టక్ టక్... టక్.

“అచ్చం ఇందాక నువ్వు కొట్టినట్టే అమ్మాయ్.”

తమ్ముడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“మొదట గట్టిగానే కొట్టింది. ఆగి ఆగి... మళ్ళీ మళ్ళీ అదే. తర్వాత మెల్లగా. నేను పలకలేదు. కంబళి నెత్తిమీదికి లాక్కుని, ఇక్కడే, ఈ గోడ వారగా కూర్చుండిపోయాను. ఊపిరి బిగపట్టుకుని.” తాత కళ్ళు చిన్నత్త మొహం మీద ఆగాయి. “నా ఊపిరి దానికి వినబడుతుందేమోనని.”

దగ్గుసారు గొంతు సవరించుకున్నాడు. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి కూడా. మాట మాత్రం రాలేదు.

చిన్నత్త వెళ్ళి ఆ తలుపుకి అరచెయ్యి ఆనించింది. మంచుగడ్డలా ఉందట. ఏరు ఈదిన ఊపిరి. ఎంతసేపు పట్టి ఉంచాడో. ఆ కొట్టడం వింటే ఎవరైనా తీస్తారని అనుకుని ఉంటాడు. ఇంటి దగ్గర అలా కొడితే ఎప్పుడూ తీసేవాళ్ళు కదా.

తెల్లారాక స్టోరేజీ గేటు దగ్గర పనివాళ్ళందరూ వచ్చి చేరేదాకా ఆవిడ దగ్గుసారుని కదలనివ్వలేదు. ఆవిడ సంచి బోర్లించి దులిపిన చోటే ఆయన్ని నిలబెట్టి, నేనే పంపాను, నేనే గడియ వేశాను, అతను దొంగ కాదు అని చెప్పించింది. కంబళి తాత చూసింది చూసినట్టు చెప్పాడు, గేటు దగ్గరా, తర్వాత పోలీసుల దగ్గరా. ఆయన ఒంటిమీద కంబళి లేకపోవడం ఆ రోజే మొదటిసారి చూశారట అందరూ. ఇంత చిన్న మనిషా అనుకున్నారట.

“తాత మీద కోపం రాలేదా అత్తా?” అని ఒకసారి నేనే అడిగాను.

“రాకుండా ఎలా ఉంటుంది? ఇప్పటికీ ఉంది,” అంది చిన్నత్త, బఠాణీలు ఒలుస్తూ. “కానీ ఆ కంబళి ఆయన మీద కప్పిందెవరో నాకు తెలుసు.”

కొన్ని రాత్రులు ఇంకా ఆ చప్పుడు వినబడుతోందని తాత పోయేదాకా చెప్పేవాడట. అప్పటికి ఆ గది ఖాళీ చేసి, మర విప్పేసి, తలుపు కూడా పీకేశారు. తలుపే లేని గదిలో తలుపు చప్పుడు ఎలా వస్తుందో నాకు తెలీదు.

నాకు తెలిసింది ఇంతే. చీకటిపడ్డాక తలుపు చప్పుడైతే అందరిళ్ళల్లోనూ ఎవరది అని అడుగుతారు. మా ఇళ్ళల్లో అడగం. ముందు తలుపు తీస్తాం.